అవసరమైతే వేసే సూది

విజయవాడ,
22 ఏప్రిల్ 2025

అక్కా,

బాగానే ఉన్నాననుకో. అనుకోమని ఎందుకంటున్నానంటే, ఉన్నానో లేదో నాకే సరిగ్గా తెలియడం లేదు. ఈ వార్డులో ఫోన్లు మన దగ్గర ఉంచరు. ఆదివారం ఆఫీసు ఫోన్లో మాట్లాడనిస్తారు గాని, మందులకి నాలుక మొద్దుబారి మాట ముద్దగా వస్తోంది. మొన్న అది విని నువ్వు ఏడ్చావు. అందుకే రాస్తున్నాను. బావ వ్యాను ఇటు వచ్చిన రోజున గేటు దగ్గర తీసుకుంటాడు. చేయి వణుకుతోంది, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

ఆటోనగర్‌లో ఏం జరిగిందో బావ చెప్పే ఉంటాడు. నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. నిద్ర మానేసి, నేను పనిచేసే షెడ్డులో ఉన్న లారీ వైరింగంతా ఊడబీకానట. ఓనరు అడ్డం వస్తే మీద పడ్డానట. చేసే ఉంటాను. ఇక్కడికి తెచ్చిన రోజు స్టూలు ఎత్తి కొట్టబోయాను, అది మాత్రం బాగా గుర్తు. నలుగురు పట్టుకుని సూది వేశారు. ఆ సూదిని నేను తప్పుపట్టను.

తర్వాత వేసినవే అర్థం కావడం లేదు. రోజూ వేళకిచ్చే బిళ్ళలు కాక ఇక్కడ ఎస్ఓఎస్ అని ఇంకొకటి ఉంటుంది. డాక్టరు ఒకసారి ‘అవసరమైతే ఇవ్వండి’ అని రాసి వెళ్తాడు. ఇక అవసరం ఎప్పుడన్నది డ్యూటీలో ఉన్నవాళ్ళు చూసుకుంటారు. గట్టిగా మాట్లాడితే అవసరం. అన్నం వద్దంటే ఒక్కోసారి అదీ అవసరమే.

నా పక్క మంచం వెంకటకృష్ణారావు గారిది. ఉయ్యూరులో చెరుకు తూకం దగ్గర పనిచేసి రిటైరయ్యారు. మతిమరుపు. పొద్దున పూట పేపరు చదువుతారు, నాకు తలకట్లూ దీర్ఘాలూ దిద్దుతారు. సాయంత్రం లైట్లు వేసే వేళకి ఏదో తిరగబడుతుంది. ‘సుబ్బరత్నం! సుబ్బరత్నం!’ అని భార్యని పిలుస్తూ తలుపు దగ్గరికి పోతారు. ఆవిడ మధ్యాహ్నమంతా ఆయన దగ్గర కూర్చుని అప్పుడే వెళ్ళి ఉంటుంది. ‘ఇప్పుడేగా వెళ్ళారు’ అంటే వినరు. ఎస్ఓఎస్. ఆ తర్వాత నోరు తెరుచుకుని పడుకుంటారు.

నాకు కాళ్ళు ఒకచోట నిలవడం లేదక్కా. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలి. తలుపు దాకా పోయి వస్తున్నాను. మళ్ళీ పోతున్నాను.

గళ్ళ లుంగీలు రెండు పంపు. ఇక్కడ చచ్చే ఉక్క.

నీ తమ్ముడు
మణి


గిలకలదిండి,
29 ఏప్రిల్ 2025

నాయనా మణీ,

ఉత్తరం చదవకముందు నీ రాత చూశాను. మన ఇంట్లో ముత్యాల్లాంటి రాత నీదొక్కడిదే. సరే, మందులన్నావుగా, తగ్గుతుంది.

వేట నిషేధం కదా, రేవులో బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. బావ కైకలూరు చెరువు చేపలు తోలుతున్నాడు. ఏ రోజు బెజవాడ పంపుతారో ఆయనకే తెలియదు, అందుకే ఆలస్యం. చిన్ని ఇంటర్ గట్టెక్కింది. మామయ్యకి నేనే చెబుతానంది. చెప్పడానికి నువ్వు ఫోన్లో దొరకవాయె.

ఒక్క మాట నన్ను పట్టుకుంది. తలుపు దాకా పోయి వస్తున్నానన్నావు. వద్దురా. నీకు దణ్ణం పెడతాను. పోయినసారి ఆ ఆస్పత్రి నుంచి వెళ్ళిపోయి రేపల్లె స్టేషన్లో దొరికావు. ఒంటి మీద చొక్కా లేదు, కాళ్ళు బొబ్బలెక్కాయి. పట్టాల పక్కన కూర్చుని ఉన్నావని చెప్పిన ఆ టీ కొట్టాయన గొంతు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఈసారి అలా కానివ్వను. ఉత్తరం చదవగానే వార్డుకి ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పాను. నువ్వేం బెంగపెట్టుకోకు.

నిద్ర పడుతోంది కదా, అదే పదివేలు. సూది వేస్తామంటే వేయించుకో, మొండికేయకు. వాళ్ళు మన మంచికే చేస్తారు.

లుంగీలు బావ తెస్తాడు.

నీ అక్క
గంగ


విజయవాడ,
6 మే 2025

గంగాదేవి గారికి,

ఇలా పిలిస్తే నీకు కోపం రావాలి. రావాలనే పిలిచాను.

వారం రోజులుగా నడిస్తే సూది. నిలబడితే ఎందుకు నిలబడ్డావని చూస్తారు, కూర్చుంటే నా కాళ్ళు వాటంతట అవే ఆడతాయి. మంచం గడగడలాడుతుంటే పక్కవాళ్ళు కేకలేస్తారు. ‘మణికుమార్‌కి మళ్ళీ మొదలైంది’ అంటారు. సూది. లేచేసరికి ఇంకా ఎక్కువ. ఎముకల్లో చీమలు పాకుతున్నట్టుంది. గోడకి తల కొట్టుకుంటే నయమనిపిస్తోంది.

నిన్న హెడ్ సిస్టర్ తెరేసమ్మ గారితో మంచిగానే అన్నాను.

“సిస్టర్, సూది పడ్డాకే కాళ్ళు ఎక్కువవుతున్నాయండీ. వద్దండీ.”

“నాకూ పొడవాలని సరదానా బాబూ? ఇద్దరం ఉన్నాం, వార్డు నిండా మనుషులు. నీ వెనకాల తిరిగేదెవరు? మీ అక్కగారే ఫోన్ చేశారు. పారిపోయే మనిషి, తలుపు దగ్గర తిరిగితే జాగ్రత్త అని. రేపు నువ్వు కనపడకపోతే నా మెడకి చుట్టుకుంటుంది.”

ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. నువ్వే కదా చెప్పింది?

పొద్దున డాక్టరు రౌండ్సుకి వస్తాడు. అప్పటికి నేను మత్తులో చొంగ కారుస్తూ పడి ఉంటాను. ‘కామ్‌గా ఉన్నాడా?’ అంటాడు. ‘ఉన్నాడండీ’ అంటారు. మందులన్నీ అలాగే ఉంచి పోతాడు. మూసుకున్న కళ్ళ వెనకాల నుంచి అన్నీ వినపడతాయి గాని నోరు లేవదు.

ఇక రాయకు.

మణికుమార్


గిలకలదిండి,
8 మే 2025

మణీ,

నువ్వు రాసిందేమైనా ఉంటే బావ ఇంకా తేలేదు. ఇవాళ వార్డుకి ఫోన్ చేస్తే ఎంత కామ్‌గా ఉన్నావో చెప్పారు. గొడవ లేదు, పడుకుంటున్నాడు అన్నారు. ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం చిన్నిని తీసుకుని మంగినపూడి వెళ్ళి కాసేపు ఇసుకలో కూర్చున్నాను. ఎన్నాళ్ళైందో అలా ఊరికే కూర్చుని. నువ్వు త్వరగా కోలుకుంటున్నావనే ధైర్యంతో వెళ్ళాను.

ఇలాగే ఉండు నాయనా.

గంగక్క


గిలకలదిండి,
13 మే 2025

మణీ,

రాయకన్నావు. రాయక ఏం చెయ్యను? నీ ఉత్తరమూ, నేను ఇసుకలో కూర్చుని మురిసిపోయిన ఉత్తరమూ దారిలో ఒకదాన్నొకటి దాటి వెళ్ళినట్టున్నాయి. అది చదివి నువ్వేమనుకుని ఉంటావో తలుచుకుంటే ముద్ద దిగడం లేదు.

అవును, నేనే ఫోన్ చేశాను. ‘తలుపు దగ్గర తిరుగుతున్నాడట, కాస్త చూసుకోండమ్మా’ అన్నాను. ఇంకొక్క ముక్క అనలేదు. చూసుకోవడమంటే సూది అని నాకెలా తెలుస్తుంది? మనింట్లో చూసుకోవడమంటే పక్కన ఒక మనిషి ఉండటం.

నీకు కోపం వస్తే గారూ గీరూ అంటావు. నాకు కోపం వస్తే ఎవర్ని అనాలి? అమ్మ పోయాక నీ జబ్బు వచ్చినప్పుడల్లా నేనే. పోలీసు స్టేషనుకి నేనే, షెడ్డు ఓనరు కాళ్ళ దగ్గర నేనే. నీ మీద ప్రేమ తగ్గలేదు. ఒంట్లో ఓపిక తగ్గింది. ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను, కొట్టెయ్యలేదు. ఉండనీ.

కాళ్ళ సంగతి నాకు అర్థం కాలేదు. పారిపోవాలనిపించడం కాదా అది? మరేమిటి? వివరంగా రాయి. వచ్చే వారం నేనే వస్తాను. డాక్టరు ఎంతసేపటికి కనపడితే అంతసేపూ కూర్చుంటాను.

గంగ


విజయవాడ,
18 మే 2025

అక్కా,

నీ మీద కోపం ఉందో పోయిందో చూసుకునే తీరిక లేకపోయింది. వెంకటకృష్ణారావు గారు పడిపోయారు. తుంటి ఎముక విరిగింది.

శుక్రవారం సాయంత్రం ఎప్పటిలాగే సుబ్బరత్నం గారిని పిలిచారు. సూది వేశారు. పడుకున్నారు. కాసేపటికి ఆయన మంచం ఖాళీగా కనపడింది. బాత్రూంలో ఏదో దబ్బుమంది. వెళ్ళి చూస్తే తడి నేల మీద పక్కకి పడి ఉన్నారు. నోట మాట లేదు, కళ్ళు మాత్రం తెరుచుకుని నన్నే చూస్తున్నాయి. లేపబోతే కెవ్వుమన్నారు. వదిలేసి పరిగెత్తాను. వరండా తలుపు గడియ పెట్టి ఉంది. రెండు చేతులతో బాదాను. నాలుక మడతపడి ‘పడ్డారు’ అనే మాట రావడం లేదు. ‘ప… ప…’ అని అరుస్తున్నాను.

వాళ్ళకేం కనపడి ఉంటుందో నువ్వే ఊహించుకో. పారిపోయే మణికుమార్ తలుపు విరగ్గొడుతున్నాడు. వార్డుబాయిలిద్దరు నన్ను వెనక్కి విరిచి పట్టుకున్నారు. తెరేసమ్మ గారు ట్రేలో సూది పెట్టుకుని వచ్చేసింది. దూదితో చెయ్యి తుడిచింది కూడా.

“నాక్కాదు సిస్టర్,” అన్నాను. ఎలా వచ్చిందో మాట. “బాత్రూంలో. ఆయన.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. అన్నాళ్ళలో ఆవిడ నా మొహం చూడటం అదే మొదలనిపించింది. ట్రే అక్కడే కింద పెట్టేసి పరిగెత్తింది.

పెద్దాయనని ఎముకల వార్డుకి తీసుకెళ్ళారు. ఆ తర్వాత తెరేసమ్మ గారు స్టూలు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. అందరం అలిసిపోయి ఉన్నాం.

కాళ్ళ సంగతి అడిగావు. పారిపోవడం కాదక్కా. ఎక్కడికీ పోవాలని లేదు. ఉన్నచోట ఉండలేకపోవడం, అంతే. ఆ రెంటికీ తేడా ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

రా.

మణి


గిలకలదిండి,
26 మే 2025

తమ్ముడూ,

నేను వచ్చినప్పుడు నువ్వు మత్తులో ఉన్నావు. చెయ్యి పట్టుకుంటే పట్టుకున్నావు గాని, నీకేమైనా గుర్తుందో లేదో. అందుకని జరిగిందంతా రాస్తున్నాను.

ముందు పెద్దాయన సంగతి. ఎముకల వార్డు బయట సుబ్బరత్నం గారు కనపడ్డారు. ఆపరేషన్ అయిందట, మనిషి నిలకడగా ఉన్నారట. మీ తమ్ముడే కదా చూసిందని నా చెయ్యి వదల్లేదు. ఆవిడ రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్తుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆవిడ ఎక్కిన బస్సు కాలవగట్టు మీద పల్టీ కొట్టిందట. అప్పట్నుంచీ ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టేదాకా ఆయన కుదురుగా కూర్చోరట. మతి పోయినా ఆ భయం పోలేదు. ‘నేను ఇంటికి చేరానని ఒక్కమాట ఎవరైనా ఆయనకి చెబితే పడుకునేవారమ్మా. వార్డులో ఎవరూ అడగలేదు. నాకూ చెప్పాలని తోచలేదు’ అంది. ఏడవలేదు. బుట్టలో బత్తాయి ఒకటి తీసి నాకిచ్చింది. తిన్నాను.

తర్వాత డాక్టర్ సుస్మిత గారు. పెద్దాయన పడ్డాక ఈ ఎస్ఓఎస్ సంగతంతా చూడమని ఆవిడకి అప్పగించారట. చిన్న వయసే, కళ్ళ కింద నలుపు. నేను పోట్లాడదామనే వెళ్ళాను.

“మా వాడు పారిపోవాలని తిరగట్లేదండీ. సూది పడ్డాకే కాళ్ళు నిలవట్లేదంటున్నాడు,” అన్నాను.

ఆవిడ నీ మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది. నీకు కాస్త తెలివి వచ్చేదాకా ఆగి, లేపి కూర్చోబెట్టి, ఏమీ మాట్లాడకుండా నీ కాళ్ళనే చూసింది. ఆ తర్వాత నన్ను పక్కకి పిలిచింది.

“ఇది జబ్బు ముదరడం కాదండీ. ఆ ఇంజెక్షన్ వల్ల కొంతమందికి ఇలా వస్తుంది. కూర్చోనివ్వదు, నిలవనివ్వదు. మేం దాన్ని గొడవ అనుకుని అదే మందు మళ్ళీ ఇచ్చాం. ఇచ్చిన కొద్దీ పెరిగింది.”

“మరి రోజూ డాక్టరు వస్తాడుగా? ఎవరికీ కనపడలేదా?”

“కనపడాల్సింది. అవసరమైతే ఇవ్వమని రాసేశాం. అవసరం ఏమిటో రాయలేదు. ఇచ్చాక ఏమైందో చూడలేదు. ఎప్పుడు ఆపాలో అనుకోలేదు.”

కప్పిపుచ్చుతుందేమో, అప్పుడు అరుద్దామని కాచుకున్నాను. ఆవిడే తప్పు ఒప్పేసుకునేసరికి ఇక పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు. బయటికి వస్తుంటే తెరేసమ్మ గారు మందుల బల్ల దగ్గర నిలబడే అన్నం తింటోంది. నన్ను చూసి క్యారేజీ మూత పెట్టేసింది.

పారిపోవడానికీ ఉన్నచోట ఉండలేకపోవడానికీ తేడా ఎలా చెప్పాలో తెలియదన్నావు. నువ్వు చెప్పావురా. మొదటి ఉత్తరంలోనే చెప్పావు. నాకు రేపల్లె స్టేషన్ అడ్డం వచ్చింది.

నీ
గంగక్క


విజయవాడ,
5 జూన్ 2025

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని రాస్తున్నాను. ఆ ముక్క ముందు చెప్పాలనిపించింది.

ఆ సూది ఆపేశారు. కాళ్ళకి వేరే బిళ్ళ ఇచ్చారు. ఒక్కసారిగా పోలేదు, సాయంత్రాలు ఇంకా పీకుతుంది. కాని అన్నం తింటున్నంతసేపూ కూర్చోగలుగుతున్నాను. నువ్వొచ్చింది గుర్తుంది. నీ చేతికి బత్తాయి వాసన వచ్చింది, అదెక్కడిదా అనుకున్నాను.

సుస్మిత గారు సిస్టర్లందరితో కూర్చున్నారు. ఇప్పుడు పొద్దున రౌండ్సులో ఒక్కొక్కరి ఎస్ఓఎస్ విడిగా చూస్తున్నారు. నిన్న ఎందుకిచ్చారు, పనిచేసిందా, ఇంకా ఉంచాలా అని. ఉంచాల్సిన పని లేకపోతే కొట్టేస్తారు. ఇచ్చేముందు మనిషిని అడగాలి. ఇచ్చాక మళ్ళీ వచ్చి చూడాలి. చెప్పుకుంటే ఇంతే. ఇంత చిన్న సంగతికి ఒక ముసలాయన తుంటి విరగాల్సి వచ్చింది.

నన్ను కూడా కూర్చోబెట్టి అడిగారు. “నీకు లోపల మొదలైందని నీకెలా తెలుస్తుంది? అప్పుడు ఏం చేస్తే నయమనిపిస్తుంది?” అని. ఇన్నేళ్ళ జబ్బులో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. వరండాలో నడవనివ్వండి, తల తడుపుకోనివ్వండి, అదీ చాలకపోతే బిళ్ళ ఇవ్వండి అన్నాను. స్టూలు ఎత్తితే మాత్రం సూదే వేయండి, కాని అది ఏమిటో చెప్పి వేయండి అన్నాను. ఆవిడ నవ్వలేదు. అలాగే అంది.

అంతా బాగుపడిందనుకోకు. మనుషులు పెరగలేదు, పని పెరిగింది. తెరేసమ్మ గారు సెలవు పెట్టిన రోజు కొత్త సిస్టర్ వచ్చింది. ఆ చివర మంచం అతను ఏడుస్తుంటే ఏమీ అడగకుండానే వేసేసింది. ఆవిడకి ఎవరూ చెప్పలేదట. పెద్దాయన ఎముకల వార్డు నుంచి అటే ఉయ్యూరు వెళ్ళిపోయారు. ఆయన మంచం మీద ఇప్పుడు ఇంకొకరున్నారు.

నీ ఓపిక సంగతి రాసి కొట్టెయ్యలేదన్నావు. మంచిపని చేశావు. నాకు ఆ మాట తెలియాలి.

చిన్నికి నా తరఫున ఏదైనా కొనిపెట్టు, మామయ్య ఇచ్చాడని చెప్పు.

మణి


గిలకలదిండి,
12 జూన్ 2025

మణీ,

బోట్లకి రంగులేస్తున్నారు. ఆదివారం వేటకి దిగుతారు. ఊళ్ళో మళ్ళీ కళ వచ్చింది. నేనే నిద్ర చాలక తూలుతున్నాను.

నీ దగ్గర ఏదీ దాచననుకున్నాను కాబట్టి రాస్తున్నాను. షెడ్డు ఓనరు నీ చోటులో ఇంకొకర్ని పెట్టుకున్నాడు. బావ వెళ్ళి అడిగితే, ‘మణి చేతిపని మీద నాకు నమ్మకమే, మనిషి మీద భయం’ అన్నాడట. ఫోన్లో చెబుదామనుకున్నాను, పక్కన మనుషులుంటారని ఊరుకున్నాను. ఈ ఉత్తరం చదివేటప్పుడు ఒక్కడివే ఉండకు. తెరేసమ్మ గారికి చెప్పి చదువు. ఈసారి ఫోన్ చేసి నేనేమీ చెప్పలేదు. నువ్వే చెప్పుకుంటావని.

గంగక్క


విజయవాడ,
18 జూన్ 2025

అక్కా,

నువ్వు చెప్పినట్టు చెయ్యలేదు. ఒక్కడినే చదివాను.

ముందు ఏమీ అనిపించలేదు. మధ్యాహ్నం అన్నాల వేళకి లోపల మొదలైంది. ఈసారి కాళ్ళలో కాదు, గుండెల్లో. చెవుల్లో హోరు. కంచం విసిరేద్దామని చెయ్యి లేచింది. కింద పెట్టేశాను. వరండాలో నడిచాను. కుళాయి కింద తల పెట్టాను. ఎండకి నీళ్ళు వేడెక్కి ఉన్నాయి, ఏం లాభం లేదు.

మందుల బల్ల దగ్గరికి వెళ్ళాను.

“సిస్టర్, నాకు ఆ బిళ్ళ కావాలండీ.”

తెరేసమ్మ గారు తలెత్తి చూసింది. “ఏమైంది?”

“పని పోయిందండీ. ఎవర్నో ఒకర్ని కొట్టేలా ఉన్నాను.”

కూర్చోమంది. ఎదురుగా తనూ కూర్చుంది. కాసేపు ఓనరు గురించి తిట్టుకోనిచ్చింది. తగ్గిందా అంది. లేదన్నాను. బిళ్ళ చేతిలో పెట్టి, ఇది ఫలానా, కాస్త మత్తుగా ఉంటుంది, కాళ్ళకి వచ్చినట్టు రాదు, అని చెప్పి నీళ్ళిచ్చింది. మింగేశాను. మంచం మీదికి వెళ్ళి పడుకున్నాను. పని అయిపోయింది కదా, ఇక నా జోలికి ఎవరూ రారనుకున్నాను.

చాలాసేపటికి చెప్పుల చప్పుడైంది. ఆవిడే. డ్యూటీ దిగే వేళ, భుజాన సంచీ కూడా ఉంది.

“ఎలా ఉంది మణీ?”

“కొంచెం నయమండీ.”

“కొంచెమా, బాగానా? సరిగ్గా చెప్పు, రాసి పోవాలి.”

మామూలుగా అయితే ఆ మాట అని వెళ్ళిపోవాలి. వెళ్ళలేదక్కా. మనిషి అలిసిపోయి ఉంది, మోకాలు నొప్పో ఏమో ఒక చేత్తో మంచం కమ్మీ పట్టుకుంది. అలాగే నిలబడింది, నేను చెప్పేదాకా.

లేచి కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాను.

మణి